నాట్లకీ పత్తికీ నడుమ స్త్రీల మైత్రి

శ్రోతలందరికీ నమస్కారం.

ఆదివారం ఆరాధన ముగిసి మగవాళ్లు చర్చి బయట వేపచెట్టు కింద మాటల్లో పడతారు. ఆ సమయంలో లోపల చాపల మీద పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు మళ్లీ కూర్చుంటారు. సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘానికి చెందిన చర్చిల్లో దీన్ని స్త్రీల మైత్రి అంటారు, బాప్టిస్టు సంఘాల్లో స్త్రీల సమాజం అంటారు. హన్మకొండలో ఉన్నా, పరకాల దగ్గరి పల్లెలో ఉన్నా, డోర్నకల్ వైపు ఉన్నా పని తీరు దాదాపు ఒకటే. ఒక ఏడాదిలో వీళ్లు ఏమేం చేస్తారు, ఎక్కడ తడబడతారు అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

జనవరిలో ఏడాది పట్టిక వేసుకుంటారు. చాలాచోట్ల అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఈస్టరుకు ముందటి శ్రమకాలం, ఈస్టర్, కోత పండుగ, క్రిస్మస్‌కు ముందటి ఆగమన కాలం అంటూ చర్చి క్యాలెండరు ముందు పెట్టుకొని తేదీలు రాసేస్తారు. కానీ వచ్చే వాళ్లలో సగం మంది కైకిలికి పోయేవాళ్లు. ఫిబ్రవరి నుంచి మిర్చి ఏరడం, ఏప్రిల్‌లో యాసంగి కోతలు, జూలై ఆగస్టుల్లో నాట్లు, అక్టోబరు నుంచి పత్తి. ఈ నాలుగూ పట్టికలో ముందు రాసి, మిగిలిన ఖాళీల్లో కార్యక్రమాలు పెట్టుకోవాలి. నాట్ల రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలకు సమావేశం పెడితే పాస్టరు భార్య అయిన అమ్మగారు, టీచర్లు, రిటైరైన నర్సులు మాత్రమే కనిపిస్తారు. తర్వాత "మనవాళ్లకు భక్తి తగ్గింది" అనుకోవడం అన్యాయం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ మేడారం జాతర కూడా చూసుకోవాలి. ఆ వారం బస్సులన్నీ అటే పోతాయి కాబట్టి ఏరియా సమావేశం పెట్టుకుంటే రోడ్డు మీదే పొద్దు గడుస్తుంది.

మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం. 1927 నుంచి ఇది ప్రపంచవ్యాప్తంగా జరుగుతోంది. ఒక్కో ఏడాది ఒక్కో దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాసి పంపుతారు. 2024లో పాలస్తీనా, 2025లో కుక్ దీవులు, 2026లో నైజీరియా వంతు. ఎక్కడో మహాసముద్రంలో ఉన్న దీవుల ఆడవాళ్లు రాసిన ప్రార్థన మన నర్సంపేట పక్క పల్లెలో వినపడటం మామూలు విషయం కాదు. అయితే దాన్ని సరిగ్గా జరపడానికి నెల రోజుల తయారీ కావాలి.

క్రమం తెలుగులో చేతికి రాగానే భాగాలు పంచాలి. ఎనిమిది నుంచి పది మంది సరిపోతారు. జిరాక్సు తీయించేటప్పుడు అక్షరాలు పెద్దవిగా ఉండాలి, లేకపోతే అరవై దాటినవాళ్లు ట్యూబులైటు కింద కూడా చదవలేరు. చదువు రానివాళ్లకు సమాధాన వాక్యం ఒకటి ఇచ్చి, ముందు ఒకరు చెబితే అందరూ వెంట పలికేలా నేర్పాలి. రెండుసార్లు రిహార్సల్ పెట్టుకుంటే సరిపోతుంది. భాగాలన్నీ గబగబా చదవగలిగిన నలుగురికే వెళ్లిపోవడం ఏటా కనిపించే లోపం. తడబడుతూ చదివినా సరే, మిర్చి ఏరి మంట తగ్గని చేతులతో కాగితం పట్టుకున్న మనిషికి ఒక భాగం దక్కాలి. పట్నంలో పగలు పదకొండుకు పెట్టినా నడుస్తుంది, పల్లెలో రాత్రి ఏడు దాటాకే. ఎలాగూ చాలా సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది కనుక రెండూ కలిపేయవచ్చు. ఇంటర్ పరీక్షలు అదే వేళ పడతాయి, టీచరమ్మల మీదే భారం వేసుకుంటే ఆఖరి రోజు ఇరుకున పడతారు.

ఇక లీస్ట్ కాయిన్. ఇది 1956లో శాంతి సాలమన్ అనే భారతీయ మహిళ ఆలోచన నుంచి మొదలైంది. మనసు నొప్పించిన మనిషి కోసం ప్రార్థించినప్పుడల్లా, దేశంలోని అతి చిన్న నాణెం ఒకటి పక్కన పెట్టాలి. 2011లో పావలా చెల్లకుండా పోయింది, అర్ధ రూపాయి చెల్లుతుంది గానీ చేతికి రాదు. కాబట్టి ఇప్పుడు రూపాయి బిళ్లే. కొందరు ఏడాదికోసారి వంద కాగితం వేసి పని అయిపోయిందనుకుంటారు. ఉన్నామె, లేనామె ఒకే నాణెం వేయాలన్నదే దీని లెక్క, నోటు వేస్తే ఆ లెక్క తప్పినట్టే. ఇంట్లో చిన్న డబ్బా పెట్టుకుని, నెలనెలా సమావేశంలో ఒకే సంచిలో పోయాలి, ఎవరెంత వేశారో రాయకూడదు.

గుప్పెడు బియ్యం సంగతి వేరే. అన్నం వండేముందు తీసిపెట్టే గుప్పెడు బియ్యం దాదాపు 40 గ్రాములు తూగుతుంది. రెండు పూటలా తీస్తే నెలకు 2.4 కిలోలు, ఇరవై ఇళ్లు కలిస్తే దాదాపు అర క్వింటాలు. ఇవి మంచాన పడ్డవారి ఇంటికో, చావు జరిగిన ఇంటికో వెళతాయి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం ఒకే సంచిలో పోస్తే సగం మెత్తబడి సగం పలుకు మిగులుతుంది, కాబట్టి రెండు సంచులు పెట్టాలి. నెల దాటితే ముక్కపురుగు పడుతుంది. ఎండిన వేపాకు వేస్తే కొంత ఆగుతుంది గానీ, వచ్చిన నెలలోనే పంచేయడం మేలు. రేషన్ బియ్యం వస్తే వంటకే వాడాలి, వేలం వేయకూడదు. వాటిని అమ్మడం నేరం.

మేలో పిల్లల వీబీఎస్‌కు, అంటే సెలవుల బైబిలు బడికి వంట, వానల్లో ఇంటింటి ప్రార్థనలు. వీటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆస్పత్రి సందర్శన విషయంలో మాత్రం ఒక మాట. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద సర్కారు ఆస్పత్రికి పండ్లు, రొట్టెలతో వెళ్లే ముందు అధికారుల అనుమతి తీసుకోవాలి, వార్డులో నర్సును అడిగాకే పంచాలి. ఆపరేషన్‌కు ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు అరటిపండు చేతిలో పెడితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. మంచం పక్కన నిలబడి ఫోటోలు దిగడం ఇకనైనా మానాలి.

వరి కోతలయ్యాక నవంబరులో కోత పండుగ. వడ్లు, కోడిపుంజు, గుమ్మడికాయ, గుడ్లు, ఎవరికి తోచింది వాళ్లు తెస్తారు. తర్వాత వేలం. ఆకుకూరలు, పాలు ముందు వేయాలి, వడ్లు చివరకు ఉంచినా పోయేదేమీ లేదు. గుమ్మడికాయ మీద ఇద్దరు బావలు పోటీపడితే నవ్వుతూ ధర ఎక్కడికో పోతుంది, ఆ డబ్బు మాత్రం క్రిస్మస్ దాకా రాదు. వేలం పలుకుతుండగానే ఒకరు పక్కన కూర్చుని పేరు, వస్తువు, ధర, చెల్లించారా లేదా అని నాలుగు గళ్లలో రాసుకోవాలి. అరువు పలికినవారి పేర్లు వచ్చే ఆదివారం చదువుతామని ముందే చెబితే, చదివే పని చాలావరకు పడదు.

డిసెంబరులో క్యారల్స్‌తో పాటు నిధి కోసం సకినాలు చేస్తారు. ఇక్కడ చెయ్యి తిరిగినవాళ్ల మాట వినాలి. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపి, తడి ఆరకముందే గిర్నికి తీసుకెళ్లాలి. పొడి పిండితో చుడితే తెగిపోతాయి. కిలో పిండికి పావుకిలో దాకా నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు. బట్ట మీద చుట్టాక తడి బట్టకు పట్టి, సకినం విరగకుండా లేచే వరకు ఆగాలి. తొందరపడి పచ్చిగా వేస్తే నూనె చిందుతుంది, పూర్తిగా ఎండితే గట్టిపడి పంటికి తగులుతాయి. ధర పెట్టేటప్పుడు బియ్యం, నువ్వులు మాత్రమే కాదు, గిర్ని కూలి, గ్యాసు, మిగిలిన నూనె తీసేసి ఖర్చయిన నూనె కూడా కలపాలి. ఇవి మరిచిపోయిన మైత్రి పది కిలోలు అమ్మి కూడా చేతి డబ్బు పెట్టుకుంటుంది.

డబ్బు ఇప్పుడు ఎక్కువగా ఫోన్లోనే వస్తోంది. కోశాధికారి సొంత ఫోన్‌పేకు వస్తే ఆమె ఇంటి కిరాణా ఖర్చు, మైత్రి సొమ్ము కలిసిపోతాయి, ఆమె తప్పు లేకపోయినా అనుమానం పుడుతుంది. ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరిచి, డబ్బు నేరుగా అందులో పడేలా చూసుకోవాలి. వేలం బాకీలు, సకినాల ఖర్చు, లీస్ట్ కాయిన్ మొత్తం విడివిడి పేజీల్లో ఉండాలి. జనవరి మొదటి సమావేశంలో ఆ పేజీలు అందరి ముందూ పైకి చదివి, అడిగినవారికి రశీదులు చూపించాక, పుస్తకాలు కొత్త కార్యదర్శి చేతికి ఇవ్వాలి.