చప్పిడి కూడు కొన్నాళ్ళే

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, సాయంత్రంపూట పనులు పక్కనపెట్టి వచ్చిన అందరికీ నమస్కారం.

మనది తెనాలి. ఇటు దుగ్గిరాల పసుపు యార్డు, అటు గుంటూరు మిర్చి యార్డు. ఇలాంటి చోట చప్పిడి కూడు గురించి మాట్లాడమని పిలిస్తే వెంటనే ఒప్పుకున్నాను. మూడేళ్ళు కడుపునొప్పితో బతికినదాన్ని. డొక్కల మధ్య, సరిగ్గా ఇక్కడ, నిప్పుకణిక పెట్టినట్టు ఉండేది. నాలుగు ముద్దలకే పొట్ట బిగుసుకుపోయేది. తెల్లవారుజామున మూడింటికి లేచి వంటింట్లో గోడకానుకుని కూర్చునేదాన్ని, ఇంట్లోవాళ్ళ నిద్ర పాడవకుండా.

చూసినవాళ్ళంతా ఒకటే మాట: "కారం మానెయ్యమ్మా, చల్లటి పాలు తాగు." రెండూ చేశాను. తాగిన కాసేపు హాయి, గంటకల్లా మళ్ళీ మంట. ఈ పాల వైద్యం మన ఒక్కళ్ళదే కాదట. 1915లో షికాగోలో సిప్పీ అనే డాక్టరు అల్సర్ రోగులకు గంటగంటకూ పాలు, మీగడ పట్టించే పద్ధతి పెట్టాడు. దశాబ్దాలపాటు అదే నడిచింది. పాలు కడుపులో ఆమ్లాన్ని ఇంకా ఊరిస్తాయని తర్వాత తేలింది. మన ఇళ్ళల్లో మాత్రం ఆ గ్లాసు ఇంకా చేతికందుతూనే ఉంది.

నా తప్పు వేరే ఉంది. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు. చీటీ లేదు, డాక్టరు లేడు. పొద్దున్నే కాఫీతో ఒకటి, ఏడాదిన్నరపాటు. నొప్పి తగ్గించే ఆ బిళ్ళలే కడుపు లోపలి పొరను కాపాడే జిగురును పలచన చేస్తాయని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పర్సులో ఆ బిళ్ళల షీటు ఉందో నాకు తెలుసు. దయచేసి డాక్టరుకు చూపించండి.

చివరికి ఎండోస్కోపీ చేశారు, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి పంపి చూడడం. గొంతులో మందు కొట్టి, ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టారు. నేను భయపడినంత లేదు, అయిదారు నిమిషాల పని. లోపలి పొర నుంచి గింజంత ముక్క తీసి పసుపురంగు జిగురులో వేశారు. అది గులాబీ రంగుకు తిరిగింది. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉందన్నమాట. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వారెన్, మార్షల్ అనే ఇద్దరు ఈ క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూపించారు. లోకం నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన కడుపులో పుండ్లకు ఎక్కువగా కారణం ఈ క్రిమి, లేకపోతే నేను మింగిన ఆ బిళ్ళలు. నాకు రెండూ ఉన్నాయి. బిళ్ళలు మాన్పించి, పద్నాలుగు రోజుల మందులు ఇచ్చారు. ఆ రెండు వారాలూ నోట్లో ఇత్తడి చెంబు నాకినట్టు చేదు.

క్రిమి పోయింది. నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. అప్పుడు నిజంగా ఏడ్చాను.

డాక్టరు ఓపిగ్గా చెప్పారు. మిరపలో క్యాప్సైసిన్ అనే ఘాటు పదార్థం ఉంటుంది. అది నరాల చివర ఒక తలుపు తడుతుంది. ఆ తలుపు ఉన్నది, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మెదడుకు కబురు పంపడానికి. 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని గుర్తించింది, 2021లో ఆయనకూ నోబెల్ వచ్చింది. అంటే కారం తింటే కాలినట్టు అనిపిస్తుందే గానీ కాలదు. దానంతటది పుండు పుట్టించదు. కానీ ఏళ్ళ తరబడి నొప్పి పడ్డ కడుపు చిన్న కబురుకే కేకలు పెడుతుంది. పుండు మానినా ఆ ఉలికిపాటు మిగిలిపోతుంది. పథ్యం ఆ ఉలికిపాటు కోసం.

మా అమ్మమ్మ బాలింతలకు పెట్టిన పెసరకట్టు నాకు అప్పుడు గుర్తొచ్చింది. చారెడు చాయపెసరపప్పు దోరగా వేయించి, చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడికించి, కవ్వంతో తిప్పి, చారు కంటే కాస్త చిక్కగా నీళ్ళు పొయ్యాలి. అరచెంచా నెయ్యిలో జీలకర్ర చిటపటమనగానే తాలింపు. నెయ్యి ఎక్కువైతే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. దీన్ని మెత్తటి అన్నంలో కలుపుకోండి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, ఇడ్లీ, పలచటి మజ్జిగ ఉండనే ఉన్నాయి. గుడ్డు తినేవాళ్ళు ఉడికించింది తినండి. కొంచెంకొంచెంగా, నాలుగైదుసార్లు. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల ఎడం ఉండాలి.

కష్టమైంది రుచి కాదు, ఒంటరితనం. ఇంటిల్లిపాదికీ గోంగూర పచ్చడి నూరి, నేను పక్కన చప్పిడి తినేదాన్ని. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. ఏది తిన్నా భయమే. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. పథ్యాన్ని శిక్షలా పొడిగించడం నా రెండో తప్పు. చప్పిడి కొన్ని వారాలు చాలు, ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవాలి. ఒక నోటుపుస్తకం పెట్టాను: ఏం తిన్నాను, ఎన్నింటికి, నొప్పి ఎంత. మొదట మిరియాలు, మూడు రోజులు ఆగి ఒక పచ్చిమిర్చి, మళ్ళీ మూడు రోజులు. నాకు పడనివి రాత్రి పదింటి భోజనం, మినప గారెలు, పచ్చి ఉల్లిపాయ అని తేలింది. కారం కొంచెమైతే పడింది! ఇన్నాళ్ళూ దాన్నే తిట్టుకున్నాను. మీ పుస్తకంలో వేరేది తేలవచ్చు, అందుకే నాది చూసి మీరు మానెయ్యకండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఉన్నట్టుండి మొదలైన భరించలేని నొప్పి ఉంటే పెసరకట్టుతో ఆగకండి, ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, భుజం లాగడం ఉంటే అది గుండెపోటు కావచ్చు; గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. మా వీధిలో ఒకాయన అలాగే కూర్చున్నాడు. ఆయన భార్య ఇప్పటికీ ఆ గంటన్నరే తలుచుకుంటుంది.

పుస్తకం మొదలుపెట్టిన పదకొండో వారంలో మావారు కంచంలో వేడన్నం వేసి, పక్కన గోరంత ఆవకాయ పెట్టారు. పెసరకట్టు ముందు కలుపుకుని, చివరి రెండు ముద్దలు దాంతో తిన్నాను. రాత్రంతా చూసుకున్నాను. మూడింటికి మెలకువ రాలేదు. పుస్తకంలో ఆ పేజీ మడిచి ఉంచాను. పుస్తకం ఆ బల్లమీద ఉంది, పక్కన క్యారేజీలో పెసరకట్టు కూడా తెచ్చాను. వేడి తగ్గకముందే రండి.