ఇంటికి ఒక్క రౌటరే దారి చూపాలి

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాల గురించి కాకుండా వైఫై గురించి మాట్లాడమన్న గ్రంథపాలకులకు, పెద్దలకు, గ్రూప్స్ మెటీరియల్ పక్కన పెట్టి వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారాలు. పేరుపేరునా చెప్పాలంటే నాకిచ్చిన అరగంటలో పది నిమిషాలు అక్కడే పోతాయి, ఏమనుకోకండి.

రౌటర్ సెట్టింగులు వరుసగా చెప్దామని కాగితం రాసుకొచ్చాను. కానీ మా వీధి పెద్దమ్మ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు. మన జిల్లాలో ఇది కొత్త సంగతేం కాదు, ఈ హాల్లో ఎంతమంది ఇళ్ళ నుంచి గల్ఫ్‌కు పోయుంటారో మీకే తెలుసు. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ పిల్లోడు డ్యూటీ దిగి, ఇంత తిని, తొమ్మిదికి వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదకొండున్నర. పెద్దమ్మది పాత రాతి మిద్దె. వసారాలో టీవీ స్టాండు, దాని కింది అరలో రౌటరు. నడిమింట్లోకి పోతే ఒక గీత, వంటింట్లో అదీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, చలికాలం రాత్రి, దుప్పటి కప్పుకుని వసారాలో కూర్చుంటే తప్ప కొడుకు మొహం కనపడేది కాదు.

ఆమె ఒక షాపుకు పోతే ఎక్స్‌టెండర్ అని, గోడ ప్లగ్గుకు తగిలించే డబ్బా ఒకటి అంటగట్టారు. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. సిగ్నల్ లేనిది వంటింట్లో కాబట్టి ఆమె వంటింట్లోనే పెట్టింది. ఫోన్లో గీతలు నిండుగా వచ్చాయి, కొడుకు మాత్రం రాలేదు. "నాయనా, గీతలన్నీ ఉండాయి గదా, వాడెందుకు కనపడడు?" అని నన్నడిగింది. అమ్మేటప్పుడు రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఆమెకు ఆ డబ్బూ పోయేది కాదు, ఆ రాత్రులూ పోయేవి కావు. నాకు కోపం అందుకే.

ఆ గీతలు ఫోనుకూ ఎక్స్‌టెండరుకూ మధ్య సంగతి మాత్రమే చెప్తాయి. ఎక్స్‌టెండరుకు రౌటరు అందుతోందో లేదో చెప్పవు. సిగ్నల్ లేని చోట పెడితే అది దేన్ని పెంచుతుంది? సగం దారిలో, సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్నచోట పెట్టాలి. అక్కడ పెట్టినా, ఒకే రేడియో ఉన్న చౌక రకమైతే ఒక చేత్తో అందుకున్నది మళ్ళీ అదే ఛానెల్లో పంపాలి, దాంతో వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక మన గోడలు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ మీద రాసినప్పటి నుంచి భూగర్భ శాస్త్రంలో మన ఊళ్ళ పేర్లు స్థిరపడిపోయాయి. మన బండ పోని ఊరు లేదు. నాకూ గర్వమే. కానీ రౌటరు పంపేది రెండు రకాల సిగ్నల్, 2.4, 5 గిగాహెర్ట్‌జ్ అని. మూరెడు మందం రాతి గోడ ఎండను ఆపినట్టే 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్‌నూ ఆపేస్తుంది. 2.4 గిగాహెర్ట్‌జ్ వేగం తక్కువ, కానీ గోడ దాటడంలో కొంచెం మేలు. కాబట్టి కంపెనీని తిట్టే ముందు రౌటరును టీవీ వెనక నుంచి, బీరువా పక్క నుంచి తీసి ఇంటి నడుమ, తలెత్తున పెట్టి చూడండి. పైసా ఖర్చు లేదు. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని ఇల్లంతా తిరగండి. సిగ్నల్ బలం డీబీఎం లెక్కలో మైనస్ 50, 60 అని చూపిస్తే హాయి, మైనస్ 67 దాకా వీడియో కాల్ బాగానే నడుస్తుంది, మైనస్ 80 దగ్గర ఆశ పెట్టుకోవద్దు. మూడు తగ్గితే శక్తి సగమైనట్టు లెక్క. ఆరు యాంటెన్నాల రౌటరు కొంటే సరిపోతుందని అంటారు. రౌటరు ఎంత గట్టిగా పంపినా, మీ చేతిలోని చిన్న ఫోను పంపేది కూడా ఆ గోడ దాటి రౌటరును చేరాలి కదా!

పెద్దమ్మ ఇంటికి నేను చేయించింది ఒకటే: నెట్ తీగ, అంటే ఈథర్నెట్ కేబుల్, లాగించాను. వసారా నుంచి గోడ మీదుగా మిద్దె పైకి, అక్కడి నుంచి వంటింటి గవాచిలోంచి కిందికి, ఎండకు తట్టుకునే నల్ల తీగ. ఈ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఏ ఇంటికైనా చాలు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం రెండు కొసలూ పీకేయండి, అది రాగి తీగ, పిడుగు దగ్గర్లో పడితే డబ్బాలు మాడిపోతాయి. అవతలి కొసకు ఆమె అటక మీద పడి ఉన్న పాత రౌటరే పెట్టాను.

అందరూ ఇబ్బంది పడేది ఇక్కడే, దయచేసి ఇది రాసుకోండి. తీగను రెండో రౌటరు వ్యాన్ పోర్టులో, అంటే బయటి నుంచి నెట్ వచ్చే రంధ్రంలో, గుచ్చి అలాగే వదిలేస్తే, ఇంట్లో దారి చూపేవి రెండవుతాయి. హాస్టల్లో పిల్లల ఉత్తరాలన్నీ వార్డెన్ పేరుతో వచ్చి, ఆయన ఎవరివి వాళ్ళకు పంచినట్టు, రౌటరు ఇంటికి బయట ఒకే అడ్రసు చూపించి లోపల అందరికీ పంచుతుంది. ఈ పంపకాన్నే నాట్ అంటారు. వార్డెన్ కింద ఇంకో వార్డెన్ ఉంటే? వంటింట్లో ఫోనుకు వసారాలోని ప్రింటరు కనపడదు, టీవీకి వీడియో పోదు, సీసీ కెమెరా బయటి నుంచి తెరుచుకోదు. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి తప్పెక్కడుందో ఎవరికీ దొరకదు.

పాత రౌటరులో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే, అంటే దారి చూపకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి, అది నొక్కండి, అయిపోతుంది. లేకపోతే దాని అడ్రసు 192.168.1.2 అని మార్చండి, మెయిన్ రౌటరు 192.168.1.1 అయితే. డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకు అడ్రసులు ఇచ్చే పని, ఆపండి. తీగను లాన్ పోర్టులోనే, అంటే ఇంటి లోపలి పరికరాలకు ఉన్న రంధ్రంలోనే, పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే, 2.4లో ఛానెల్ మాత్రం వేరు, ఒకదానికి 1, ఇంకోదానికి 6 లేదా 11. హాస్టలో, కోచింగ్ సెంటరో నడిపేవాళ్ళు రెండో నెట్‌వర్క్ వేరేగా 192.168.2 అని ఉంచుకోవాలనుకుంటే, రెండో రౌటరు వ్యాన్ వైపు 192.168.1.2 ఇచ్చి, దాంట్లో నాట్ ఆపి, మెయిన్ రౌటరులో స్టాటిక్ రూట్ రాయాలి: 192.168.2.0కి పోవాలంటే 192.168.1.2 మీదుగా పో అని. ఆ ఒక్క వరుస రాయకపోతే పంపింది పోతుంది, జవాబు తిరిగి రాదు.

ఇదంతా చేయాలంటే రౌటరు లోపలికి పోవాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. కనెక్షన్ ఇచ్చినవాళ్ళను అడగండి, "అది మా దగ్గరే ఉంటుంది సార్" అంటారు! మా ఇంట్లోనూ ఇదే మాట విన్నాను. డబ్బు మనది, కరెంటు మనది, ఇల్లు మనది, తాళం మాత్రం వాళ్ళ జేబులో. ఫైబర్ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది దారి చూపకుండా నెట్‌ను నేరుగా మన రౌటరుకు వదిలేలా, పెట్టమన్నా పెట్టరు. అమ్మా, అయ్యా, మిమ్మల్ని అడిగేది ఒకటే, కొత్త కనెక్షన్ తీసుకునే రోజే, డబ్బు చేతికిచ్చే ముందే పాస్‌వర్డ్ అడగండి. వీధిలో నలుగురు కలిసి అడిగితే ఇస్తారు, మా వీధిలో ఇచ్చారు. ఇవ్వగానే మార్చేసుకోండి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటనుతోనో పిన్నుతోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ అనేది ఆపేయండి, దాని పిన్ను సులభంగా కనిపెట్టొచ్చని 2011లోనే బయటపడింది.

కెమెరా వాళ్ళకు ఇంకో మాట. రౌటరులో వ్యాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు రౌటరులో ఎన్ని పోర్టులు (బయటి నుంచి లోపలికి దారులు) తెరిచినా బయటి నుంచి కెమెరా కనపడదు, కంపెనీ దగ్గర పైన ఇంకో పంపకం జరుగుతోంది. 2012లో ఆ అడ్రసులు దానికోసమే కేటాయించారు. స్టాటిక్ ఐపీ, అంటే మీకే సొంతంగా ఉండే మారని బయటి అడ్రసు, అడగండి, టెన్షన్ పడి రౌటర్లు మార్చొద్దు.

టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క ఐదు నిమిషాలు సార్, తీగ, ప్లగ్గులు తెచ్చాను. అబ్బీ, ముందు వరుసలో ఉన్నవాళ్ళు ఇటు రండి. పైతోలు అంగుళం ఒలవండి, లోపలి తీగలు తెగకుండా. నాలుగు జతలుంటాయి, మెలికలు విప్పి, ఎడమ నుంచి తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. సమంగా కత్తిరించి, ప్లగ్గు క్లిప్పు కిందికి పెట్టి తోయండి. ఎనిమిదీ చివరిదాకా తగిలాయో లేదో ముందు నుంచి చూడండి, గోధుమ జత సరిగా తగలకపోతే నెట్ వస్తుంది కానీ 1000 ఎంబీపీఎస్ వేగం రావాల్సిన చోట 100 దగ్గర ఆగిపోతుంది. చూశారా? ఇప్పుడు నొక్కండి.