మొదటి కాగితం మీద నిజం రాయించండి: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. దెబ్బలు తగిలి ఆసుపత్రిలో చేరేవారి గురించి ఈ రోజు కార్యక్రమం. క్యాజువాలిటీ వైద్యురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్ సూర్యాపేట నుంచి.

కాలర్: హైవే మీద పడి ఉన్నవారిని ఆసుపత్రికి తీసుకువెళ్తే పోలీసులు మమ్మల్నే తిప్పుతారంటారు. నిజమేనా డాక్టర్ గారూ?

డాక్టర్: ఆ భయం వదిలేయండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. సాయం చేసినవారు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మచిలీపట్నం నుంచి, చెప్పండమ్మా.

కాలర్: మా చెల్లెలి సంగతి డాక్టర్ గారూ. పోయిన సోమవారం, కాదు, ఆదివారం రాత్రి. మరిదికి కోపం ఎక్కువ, తాగితే మరీను. దాని చెయ్యి విరిగింది. పిల్లలు చిన్నవాళ్లు, నలుగురిలో పరువు పోతుందని బాత్‌రూమ్‌లో జారిపడిందని మా అమ్మ ఆసుపత్రిలో చెప్పింది. అక్కడ అదే రాసుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు మార్చవచ్చా?

డాక్టర్: రాసినదాన్ని దిద్దరమ్మా, దిద్దకూడదు. కానీ మీ చెల్లెలు మళ్లీ వెళ్లి జరిగింది చెప్పవచ్చు. ఆమె మాటల్లోనే రాసుకుని, పరీక్ష చేసి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా, నమోదు చేస్తారు. ఒంటి మీద ఇంకెక్కడైనా దెబ్బలున్నాయా?

కాలర్: రెండు ముంజేతులూ కమిలాయి. బయటివైపు.

డాక్టర్: జారిపడిన మనిషి నేలకు చేతులు ఆనిస్తుంది. అరచేతులు, మోకాళ్లు గీసుకుపోతాయి. ముంజేతుల బయటివైపు కమిలిందంటే మొహానికి అడ్డం పెట్టుకుని ఉంటుంది. ఆ మచ్చలు పచ్చబడి కొద్ది వారాల్లో మాసిపోతాయి. అందుకే ఆలస్యం వద్దంటున్నాను.

కాలర్: అంటే... ఆ పాత కాగితం మార్చరా?

డాక్టర్: మార్చరు తల్లీ. కొత్తది రాయించండి. ఎవరైనా సరే, మొదటి కాగితం మీదే నిజం రాయించండి. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కాలర్: ఆయన పక్కనుంచి కదలడు డాక్టర్ గారూ. అది నోరు విప్పదు.

డాక్టర్: ఒంటరిగా మాట్లాడాలని నర్సుతో అనమనండి. ఎక్స్‌రే గదిలోకి సాధారణంగా వెంట వచ్చినవారిని రానివ్వరు, అక్కడైనా చెప్పవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. మీరు వెంట వెళ్లండి.

వ్యాఖ్యాత: తర్వాత ఒంగోలు.

కాలర్: గాయం మీద కాఫీపొడి పెడితే...

డాక్టర్: వద్దు! పసుపూ వద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి తీసుకురండి. ఎంతమందికి చెప్పాలి ఈ మాట!

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి, త్వరగా.

కాలర్: రోడ్డు ప్రమాదానికి డబ్బు కట్టమంటే?

డాక్టర్: 2025 మే నుంచి కేంద్ర పథకం ఉంది. గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం. మొదటి కాగితం మీద రోడ్డు ప్రమాదం అని రాయించండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మచిలీపట్నం నుంచి మాట్లాడినవారు లైన్‌లోనే ఉండండి, డాక్టర్ గారు మీతో విడిగా మాట్లాడతారు.