అమీబా పుండుకు పైపూత మందు: కడిగాక ఏం మిగిలిందో చూడాలి

అందరికీ నమస్కారం. మన కర్నూలులో మెడిసిన్ చదువుతున్న పిల్లలతో మాట్లాడమన్నారు. నా బతుకంతా ల్యాబులోనే గడిచింది, కాబట్టి ల్యాబు మాటే చెబుతాను: అమీబా పుండ్లకు పైపూత మందును ఎలా పరీక్షించాలో.

అకాంతమీబా అనే ఒంటికణం అమీబా మట్టిలో, నీళ్లలో, దుమ్ములో బతుకుతుంది. కె.సి. కెనాల్ గట్టునో, మిద్దెమీది ట్యాంకు అడుగునో వెతికితే దొరకొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చర్మం జోలికి సాధారణంగా రాదు. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లకు, కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు మాత్రం ఒంటిమీద గడ్డలు లేచి పుండ్లు పడతాయి. మెదడుకు పాకితే బతికించుకోవడం చాలా కష్టం.

మందును పరీక్షించడానికి పోషకాలు లేని అగార్ (జెల్లీలాంటి పదార్థం) ప్లేటుమీద ఈ.కోలై బ్యాక్టీరియాను పలుచగా పూస్తాం. అదే అమీబాకు మేత. రెండు రోజులాగి మైక్రోస్కోపులో చూస్తే, అది మేస్తూ పోయిన దారులు గోడమీద నత్త జాడల్లా కనబడతాయి. మందు వేస్తే కదలిక ఆగిపోతుంది.

కొత్తలో నేను అక్కడే మోసపోయాను. కదలడం లేదని నోట్‌బుక్‌లో ‘చచ్చింది’ అని రాసేశాను. మా సార్ ఏమీ అనలేదు. మందు కడిగేయించి, మిగిలినదాన్ని కొత్త ప్లేటుమీద వేయించారు. ఐదో రోజుకు మళ్లీ దారులు! అది చావలేదు, రెండు పొరల గోడ కట్టుకుని సిస్టుగా మారి లోపల కూర్చుంది. ఆ గోడలో సెల్యులోజ్ ఉంటుంది. ఎండిపోయిన సిస్టులు 20 ఏళ్లు దాటాక కూడా లేచిన దాఖలా ఉంది.

కాబట్టి సిస్టును చంపే మోతాదు ఎంతో తేలాలి. ఆ మోతాదుకు మనిషి చర్మకణాలు తట్టుకోవాలి. ఆయింట్‌మెంటు పైనే ఆగిపోకుండా అమీబా ఉన్న లోతుకు దిగాలి. మందు కలపని ఉత్త ఆయింట్‌మెంటుతో పోల్చి చూడటం కూడా తప్పదు.

కంటి అకాంతమీబాకు పాలీహెక్సనైడ్ చుక్కల మందును యూరప్ 2024లో ఆమోదించింది. రోగులు దొరికారు కాబట్టి ట్రయల్ నడిచింది. చర్మానికి వచ్చేసరికి రోగులు మరీ అరుదు. కాలా అజార్ అనే పరాన్నజీవి జబ్బుకు మన దేశం 2002లో అనుమతించిన మిల్టెఫోసిన్‌ను ఈ అమీబాలమీదా వాడుతున్నారు గానీ, ఒకరిద్దరు కోలుకున్నంత మాత్రాన ట్రయల్ అయినట్టు కాదు.

అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. రోగనిరోధక శక్తి తగ్గిన రోగికి యాంటీబయాటిక్స్‌కు లొంగని పుండు కనిపిస్తే, బయాప్సీకి తీసిన చర్మం ముక్కను రెండు చేయండి. ఒకటి కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో పెట్టండి, రెండోది సెలైన్‌లో మా ల్యాబుకు పంపండి. ఫార్మలిన్‌లో పడ్డ అమీబా ప్లేటుమీద పెరగదు. పెరగనిదానిమీద ఏ మందునూ పరీక్షించలేం.