చిగుళ్ల గురించి మొదలుపెట్టాం

మురళి: నమస్కారమండీ, తిరుపతి నుంచి మురళి. లతక్క కూడా వచ్చేసింది. పలమనేరు టమోటాల సంగతి ఈసారి ఎవరూ ఎత్తొద్దు.

లత: ఎత్తింది నువ్వే కదా!

మురళి: సరే, సరే. ఈరోజు చిగుళ్లు. చిగుళ్లు వాచి రక్తం వస్తే పళ్ల డాక్టరు దగ్గరికి పోతాం. బ్లడ్ క్యాన్సర్ అలా కూడా బయటపడుతుందా అక్కా?

లత: పడుతుంది. ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్లో, మోనోసైట్ అనే తెల్లకణాల రకం ఉంటే ఆ కణాలు చిగుళ్లలో చేరతాయి. చిగురు పళ్ల మీదికి పాకినట్టు ఉబ్బుతుంది. క్లీనింగ్ చేయించినా తగ్గలేదంటే ఒక సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, దాంతోపాటు స్లైడ్.

మురళి: వచ్చేసింది స్లైడ్!

లత: వస్తుంది మరి. మిషన్ అంకె ఇస్తుంది, కణం ముఖం చూపించదు. ఒక చుక్క రక్తం గాజు మీద పల్చగా లాగి, రంగు వేసి, మనిషి కళ్లతో చూడాలి.

మురళి: బ్లడ్ క్యాన్సర్‌ని ముందు కీళ్లవాతం అనుకున్నారే, ఆ మా అక్క కొడుక్కి స్లైడ్ కూడా చూశారు కదా. ఏం దొరికింది?

లత: ఏమీ దొరకలేదు. వాడికొచ్చిన లింఫోబ్లాస్టిక్ అనే ఇంకో రకం బ్లడ్ క్యాన్సర్లో మొదట్లో చెడ్డ కణాలు ఎముక లోపలి మజ్జలోనే ఉండిపోవచ్చు, రక్తంలోకి రాకపోవచ్చు.

మురళి: అదే నేననేది. ఆరేళ్ల పిల్లోడు, మోకాళ్లు పట్టుకుని ఏడుస్తుంటే కీళ్లవాతం అనుకున్నారు. ఆ డాక్టరు తప్పేముంది?

లత: రాత్రిపూట లేచి ఏడ్చేవాడా, లేదా?

మురళి: ఏడ్చేవాడు. అక్క ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కాళ్లు పిసికేది.

లత: వాపేమో కొంచెం, నొప్పేమో భరించలేనంత. అనుమానం అక్కడే రావాలి. ఆ రిపోర్టు నాకింకా గుర్తుంది మురళీ. ఒంట్లో మంట ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్ ఎక్కువగా, 90, ప్లేట్‌లెట్లు 1,60,000. నార్మల్ లక్షన్నర నుంచి మొదలు కాబట్టి పక్కన ఏ గుర్తూ పడలేదు. కానీ కీళ్లవాతం అంత మండుతుంటే ప్లేట్‌లెట్లు పెరగాలి. ఇవి అడుగున ఎందుకున్నాయని ఒక్కరూ అడగలేదు.

మురళి: స్టెరాయిడ్ ఇచ్చిన మూడో రోజుకి పరిగెత్తాడక్కా. ఇంట్లో పాయసం చేశారు.

లత: నాకు బాధ అక్కడే. ఆ స్టెరాయిడ్, ప్రెడ్నిసోలోన్, ఈ క్యాన్సర్‌కి ఇచ్చే మందుల్లో ఒకటి. కణాలు కొన్నాళ్లు కరిగిపోతాయి, నొప్పి పోతుంది, తర్వాత మజ్జ తీసినా సరిగ్గా తేలకపోవచ్చు. అనుమానం ఉన్నప్పుడు ముందు మజ్జ చూడాలి, తర్వాతే స్టెరాయిడ్.

మురళి: తుంటి ఎముకలో సూది అంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

లత: ఎందుకో కూర్చోబెట్టి చెబితే ఒప్పుకుంటుంది. మీ అక్క ఒప్పుకోలేదా?

మురళి: ఒప్పుకుంది... ఆరు వారాల తర్వాత, జ్వరం తగ్గకపోతే, చిత్తూరులో వేలూరు బస్సెక్కి. దారి పొడుగునా ఒక్క మాట లేదు.

లత: ...

మురళి: చిగుళ్లు ఎక్కడికో పోయాయి.

లత: పోనీలే. వాడెట్లా ఉన్నాడు?

మురళి: బాగున్నాడు. మందులు ఆపి ఏడాది దాటింది, ఐదో తరగతి. ఇప్పుడు గొడవంతా మొక్కు గురించి. కొండమీద గుండు చేయిస్తానని అక్క అప్పట్లో మొక్కుకుంది. వాడేమో, ఒకసారి ఊడి వచ్చిన జుట్టు, ఇవ్వనంటాడు.

లత: వాడి జుట్టు వాడికుండనీ. మీ అక్కే మూడు కత్తెరలు ఇస్తే సరిపోదా?

మురళి: అడిగాను. స్వామికి చెప్పిన మాట చెప్పినట్టే జరగాలంటుంది.

లత: ఒకసారి నాతో మాట్లాడించు. ఈ ఆదివారం ఇంట్లోనే ఉంటుందా?