పిల్లల కథల్లో చావు ఉండొచ్చా?

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈ మధ్య తెలిసినావిడ ఒకామె, "పిలకాయలకు చదివి వినిపించడానికి మంచి పుస్తకం చెప్పక్కా, కానీ అందులో ఎవరూ చచ్చిపోకూడదు" అనింది. ఆమె భయం నాకు తెలుసు. వాళ్లింట్లో ఒకరు పోయిన బాధ ఇంకా ఆరలేదు. అయినా నేను ఆమె మాటకు సరే అనలేకపోయాను. ప్రేమించడమూ, ఆ మనిషిని పోగొట్టుకోవడమూ రెండూ పిల్లల బతుకులో ఉన్నాయి. కథలో మాత్రం ఎందుకు ఉండకూడదు?

మన వైపు పిల్లలకు రాసిన పెద్దల్ని చూడండి. కలువకొలను సదానంద గారు 1939లో పాకాలలో పుట్టారు. పంతులుగా పనిచేశారు, బొమ్మలూ వేసేవారు. కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టింది 2010లో. ఆ మొదటి ఏడాదే తెలుగుకు ఆ పురస్కారం తెచ్చింది ఆయన రాసిన పిల్లల నవల 'అడవితల్లి'. 2020లో ఆయన కన్నుమూశారు. పెద్దల కోసం రాసిన ఒక కథల పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరేంటో తెలుసా? 'నవ్వే పెదవులు ఏడ్చే కళ్లు'. పిల్లలకు రాసిన చెయ్యే ఆ పేరూ పెట్టింది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

పాకాలకు దగ్గర్లోనే దామలచెరువు. మామిడికాయల మండీలకు పేరున్న ఊరు. 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న కథారచయిత మధురాంతకం రాజారాం గారు ఉండిందీ ఆ ఊళ్లోనే. ఆయనా బడిపంతులే. పల్లె బడిలో పాఠం చెప్పినవాళ్లకు పిల్లల దుఃఖం కనిపించకుండా పోదు. ఒక పిల్లోడు పది రోజులు బడికి రాకుండా, తర్వాత గుండుతో వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. మన తిరుపతిలో గుండు చూస్తే అందరికీ కొండ మొక్కే గుర్తొస్తుంది. పక్కనున్న పిల్లలు కూడా "కొండకు పోయినావారా?" అని అడుగుతారు. వాడు తల వంచుకుంటాడు. వాళ్ల నాయన పోయాడని ఆ క్లాసులో పంతులికి ఒక్కరికే తెలుసు. అట్లాంటి పంతులు పిల్లల కోసం కలం పట్టుకుంటే, లోకమంతా లడ్డూలే అని రాయలేడు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మ పోయినప్పుడు మా చెల్లెలి కొడుక్కి ఐదేళ్లు. పెద్దవాళ్లందరం కలిసి "అవ్వ ఊరికి పోయింది" అని చెప్పాం. వాడు నమ్మాడు. అవ్వ వక్కాకు సంచి తీసుకుపోయి తన పుస్తకాల బ్యాగులో దాచుకున్నాడు. రోజూ సాయంత్రం "పెద్దమ్మా, అవ్వ ఏ బస్సుకు వస్తాది?" అని అడిగేవాడు. ఐదారేళ్ల లోపు పిల్లలకు చావంటే ఇక తిరిగి రాకపోవడమని పూర్తిగా తెలియదని పిల్లల మనసు చదివినవాళ్లు చెప్తారు. ఊరికి పోయింది, నిద్రపోయింది అంటే ఇంకా తికమక పడతారు. కొందరు నిద్రపోవడానికే భయపడతారట.

ఒక రాత్రి వాడికి ఆవు పులి కథ చెప్పాను. అందరికీ తెలిసిన కథే. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు 'భోజరాజీయం'లో రాశాడు. పులికి చిక్కిన ఆవు, ఒక్కసారి పోయి నా బిడ్డకు పాలిచ్చి వస్తానని బతిమాలుతుంది. ఇంటికొచ్చి దూడకు కడుపునిండా పాలిస్తుంది, ఎట్లా మసలుకోవాలో బుద్ధులు చెప్తుంది, మాట తప్పకుండా పులి ముందుకు తిరిగొస్తుంది. పులి మనసు కరిగి వదిలేస్తుంది.

మనం ఈ కథను 'మాట తప్పకూడదు' అనే నీతి కోసం చెప్తాం. వాడికి ఆ నీతి అస్సలు పట్టలేదు. వాడు దూడ దగ్గరే ఆగిపోయాడు. "పులి తినేసుంటే దూడకు పాలు ఎవరిస్తారు?" అన్నాడు. మందలో వేరే ఆవులు ఉంటాయి కదరా, అవి చూసుకుంటాయి అన్నా. కాసేపు ఊరకుండి, "అవ్వ రాదు కదా" అన్నాడు. రాదు నాయనా అన్నా. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పొద్దున ఆ వక్కాకు సంచి తీసుకుపోయి మా నాయనకు ఇచ్చాడు.

అందుకే పిల్లలకు రాసేవాళ్లను, కథలు చెప్పేవాళ్లను ఒకటి అడుగుతాను. కథ అయిపోగానే 'దీని నీతి ఏంటి?' అని అడగడం మానండి. ఆ ప్రశ్నతో పిల్లోడి ప్రశ్న నోట్లోనే ఆగిపోతుంది. పోయినవాళ్లు ఇక రారని సూటిగా రాయండి. ఆ తర్వాత అన్నం ఎవరు పెడతారు, జడ ఎవరు వేస్తారు, బడికి ఎవరు తీసుకుపోతారు అనేది కూడా రాయండి. పిల్లలకు కావలసింది అదే. భయపెట్టే కథ వేరు, బాధ చెప్పే కథ వేరు. దెయ్యాల సీరియళ్లు చూడనిస్తూ, అవ్వ పోయిన కథ మాత్రం వద్దంటే నేను ఒప్పుకోలేను.

పాకాల, దామలచెరువు, చంద్రగిరి వైపు వాళ్లు ఈ వీడియో చూస్తుంటే ఒక మాట. మీలో సదానంద గారి దగ్గర, రాజారాం గారి దగ్గర చదువుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లు క్లాసులో కథ ఎట్లా చెప్పేవారో కింద రాయండి. వచ్చే వీడియోలో అవి చదివి వినిపిస్తాను.