మొగిలి ఘాట్‌లో దగ్గిన బండి: ఈ ఓబీడీ స్కానర్ ఎంతవరకు పనికొచ్చింది?

నమస్తే అండి. ఇవాళ రివ్యూ ఇదిగో, అరచేతిలో ఇమిడే ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌ది, అంటే బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లను ఫోన్లో చూపించే పరికరం. వెయ్యి రూపాయల లోపే కొన్నాను. అట్టపెట్టె విప్పి చూపించి మీ టైమ్ తీసుకోను. మా బండికి మిస్సింగ్, అంటే సిలిండర్లో పెట్రోల్ సరిగా కాలకపోవడం, వచ్చినప్పుడు ఇది ఏం చెప్పింది, ఎక్కడ చేతులెత్తేసింది, అదే చూద్దాం.

మాది ఏడు సీట్ల పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు. సంక్రాంతికి చిత్తూరు వెళ్లి బెంగళూరుకు తిరిగొస్తున్నాం. ఏడుగురం, డిక్కీలో బియ్యం మూటలు. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే కుదుపులు మొదలయ్యాయి. యాక్సిలరేటర్ తొక్కినా పికప్ లేదు. వెనక సీట్లోంచి మా అమ్మ, "ఏం నాయనా, బండి దగ్గతా ఉంది?" అంది. అప్పుడే చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంది.

ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆ లైటు నిలకడగా వెలగడం వేరు, మిణుకుమనడం వేరు. మిణుకుమంటోందంటే, సిలిండర్లో కాలకుండా మిగిలిన పెట్రోల్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతోంది. దాని లోపలి తేనెపట్టు లాంటి భాగం కరిగిపోయేంత వేడి పుట్టొచ్చు. కన్వర్టర్ పోతే అయ్యే ఖర్చు ముందు, స్పార్క్‌తో పెట్రోల్ అంటించే ప్లగ్గు, దానికి కరెంటిచ్చే కాయిల్ ఖర్చు ఏపాటిది? నేను వెంటనే కాలు తీసేసి, చోటు దొరగ్గానే పక్కకి ఆపాను. కాసేపు ఆగి, చిన్న గేర్లో బరువు పడనీయకుండా పలమనేరు దాకా వచ్చాం. చదును రోడ్డు మీద మిణుకు ఆగిపోయింది.

మరి ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు వచ్చిందంటారా? బరువు పడితే సిలిండర్లోకి గాలి, పెట్రోల్ ఎక్కువ వెళ్తాయి, ప్లగ్గు దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిని ఉంటే, ఆ కరెంటు ప్లగ్గు మొన దాకా పోకుండా అడ్డదారిన బాడీలోకి దిగిపోతుంది. చదునులో బాగుండి ఎక్కుడులో మిస్ అయితే, నేను మొదట స్పార్క్ వైపే చూస్తాను.

కేఆర్ పురం ఇంటికి చేరాక, మర్నాడు ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తకుండానే నాలుగు కాయిళ్లు, నాలుగు ప్లగ్గులు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్ అని రాసేశారు. ఏ సిలిండర్ మిస్ అవుతోందని అడిగితే, "అన్నీ మార్చేస్తే పోతుంది సార్" అన్నారు. నాకు చాలా కష్టమనిపించింది. ఆ జవాబు బండి కంప్యూటర్‌లోనే రాసి ఉంది కదా! బండి తీసుకుని వచ్చేశాను.

కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందో చెబుతాను. 800 ఆర్పీఎం ఐడిల్‌లో, అంటే బండి నిలిచి ఉండి ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి చొప్పున నిమిషానికి 400 సార్లు కాలాలి. కాలిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్‌కి, అంటే ఇంజిన్ తిప్పే ఇరుసుకి, ఒక తోపు. ఒక సిలిండర్ కాలకపోతే ఆ క్షణంలో షాఫ్ట్ వేగం కాస్త తగ్గుతుంది. క్రాంక్ సెన్సార్ ఆ తడబాటును పట్టుకుంటుంది. అది ఎవరి వంతో లెక్క తెలుసు కాబట్టి సిలిండర్ నంబర్ కూడా దొరుకుతుంది.

స్కానర్ పెట్టడం తేలికే. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్లో యాప్‌కి కలపాలి. మాకు వచ్చిన కోడ్ పి0303. చివరి అంకె సిలిండర్ నంబర్, అంటే మూడోది. పి0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలలేదని అర్థం. ఇంకో పేజీలో ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటుంది. కోడ్ పడిన క్షణంలో ఆర్పీఎం ఎంత, లోడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అని ఫోటో తీసినట్టు దాచి పెడుతుంది. మాది తక్కువ ఆర్పీఎం, ఎక్కువ లోడ్. అచ్చం ఘాట్ రోడ్డే. ఇవన్నీ స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే క్లియర్ నొక్కండి. నొక్కితే అన్నీ పోతాయి.

"ఈ20 పెట్రోల్ వల్లే" అని, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లని, మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు చెప్పారు. నాలుగు సిలిండర్లకీ ఒకే ట్యాంకు నుంచి పెట్రోల్ వెళ్తుంది కదండీ. ఒక్క మూడోదే మిస్ అవుతుంటే తప్పు ముందుగా పెట్రోల్ మీద ఎలా వేస్తాం?

ఇక స్కానర్ పని ఇక్కడితో అయిపోయింది. ఏ సిలిండరో చెప్పింది కానీ ఏ పార్టో చెప్పదు. దానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది: తారుమారు చేయడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటోది మూడో దాంట్లో పెట్టాను. కనెక్టర్ లాక్ నొక్కి తీయాలి, వైరు పట్టి లాగకండి. కోడ్ క్లియర్ చేసి, రాత్రి ట్రాఫిక్ తగ్గాక కేఆర్ పురం తీగల వంతెన మీద పెద్ద గేర్లో ఎక్కించాను. కాయిల్ తప్పయితే పి0301 రావాలి. ప్లగ్గో, ఇంజెక్టరో అయితే పి0303 రావాలి. రెండూ వచ్చాయండి!

అక్కడ నాకు అర్థం కాలేదు. మళ్లీ కాయిళ్లు తీసి, టార్చి వేసి చూస్తే మూడో ప్లగ్గు గుంతలో ఆయిల్ నిలిచి ఉంది. ఆ ఆయిల్‌ని గుడ్డతో పూర్తిగా పీల్చాకే ప్లగ్గు విప్పాను, లేకపోతే అది సిలిండర్లో పడుతుంది. ఇదిగో, కెమెరా దగ్గరికి పెడతాను. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్ల గీత కనిపిస్తోందా? స్పార్క్ దిగిన అడ్డదారి అదే. కాయిల్ రబ్బరు గొట్టం లోపల కూడా దానికి జోడీ గీత ఉంది. అందుకే కాయిల్ వెళ్లిన చోటా మిస్సింగ్, ప్లగ్గు ఉన్న చోటా మిస్సింగ్. కాయిల్ ఒక్కటే కొత్తది వేసి ఉంటే పాత ప్లగ్గు దాన్ని కూడా పాడుచేసేది. రెండూ మార్చినా, ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్, ప్లగ్గు గుంతల సీల్స్ మార్చకపోతే ఆయిల్ మళ్లీ దిగేది. ఆ సర్వీస్ సెంటర్ చీటీలో ఆ ప్యాకింగ్ పేరే లేదు, చూడండి.

పార్టుల కోసం జేసీ రోడ్డుకి వెళ్లాను. పాత ప్లగ్గు చేతిలో పట్టుకెళ్లండి, దాని మీద నంబర్ చూసి అదే అడగండి, బిల్లు తీసుకోండి. ఒక కాయిల్, ప్యాకింగ్ సెట్టు కొన్నాను. ప్లగ్గులు మాత్రం నాలుగూ మార్చాను, వాటి కిలోమీటర్లు ఎలాగూ అయిపోయాయి. కొత్త ప్లగ్గుని మొదట చేత్తోనే తిప్పండి. మర అడ్డంగా పడితే సిలిండర్ హెడ్‌కే నష్టం.

స్కానర్ సంగతికొస్తే, కొనండి. ఇంజిన్ కోడ్ చదవడానికి చాలు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు నా దాంట్లో రావు. బ్లూటూత్ రెండుసార్లు తెగిపోయింది. సాకెట్లోనే వదిలేయకండి, బండి రోజుల తరబడి నిలిచి ఉంటే బ్యాటరీ తాగుతుంది.

పోయిన ఆదివారం మళ్లీ చిత్తూరు వెళ్లొచ్చాం, అదే ఏడుగురం. ఘాట్ అంతా లైటు వెలగలేదు. పలమనేరులో టీకి ఆగి స్కానర్ పెట్టి చూశాను. ఇంకా ఖాయం కాని కోడ్లు ఉండే పెండింగ్ పేజీలో కూడా ఒక్క కోడ్ లేదు. మీ బండికి ఏ నంబర్ కోడ్ వచ్చిందో, ఎక్కుడులో వచ్చిందా ఐడిల్‌లో వచ్చిందా కలిపి రాయండి, చూసి జవాబిస్తాను. ఉంటానండి.